రేగు కంప లోపల గుడ్డు

గడ్డికి కాపలా ఏందని మా ఊళ్లో అందరూ నవ్వారు. నాకూ నవ్వే వచ్చింది. చేనికి కాపలా ఉంటుంది, కళ్లానికి ఉంటుంది, ఎవరూ విత్తని బీడుకు కాపలా ఏమిటి? అయినా అరవైల మొదట్లో, వానలు వరసగా మొహం చాటేసిన కాలంలో, ఏ పని దొరికినా గొప్పే. ముదిగుబ్బ అవతల ఉన్న రాళ్ల బీడును సర్కారు రిజర్వు చేసి నన్ను టెంపరరీ వాచరుగా పెట్టింది. గడ్డి కోయనివ్వకూడదు, కట్టె కొట్టనివ్వకూడదు, మందలు తోలనివ్వకూడదు. ఎందుకని అడిగితే, "బీడు బాగుపడాలి కదయ్యా" అన్నాడు ఫారెస్టు రేంజరు. బాగుపడితే అది చేను కావాలి గానీ, ఇంకా బీడుగానే ఎట్లా ఉంటుందో నా బుర్రకు ఎక్కలేదు.

ఆ ఏడు పుబ్బ కార్తెలో నాలుగు చినుకులు పడ్డాక బట్టమేక పిట్ట కనబడింది. పిట్ట అంటాం గానీ అది నా నడుమెత్తు పక్షి. పెళ్లికి బయలుదేరిన పెద్దమనిషిలాగా తలెత్తి తీరుబడిగా నడుస్తుంది. గూడూ లేదు, పాడూ లేదు. గులకరాళ్ల మధ్య వట్టి నేల మీద ఒకే ఒక గుడ్డు పెట్టింది. ఇంత పెద్ద పక్షికి ఇంత నిర్లక్ష్యమా అని నాకు ఒళ్లు మండింది.

కబురు పంపితే రేంజరు జీపులో వచ్చి దూరం నుంచే దుర్భిణిలో చూశాడు. కోస్తా మనిషి, మాట మెత్తన. "ఇవి ఎక్కడా మిగలడం లేదయ్యా. ఇక్కడ గుడ్డులోంచి పిల్ల లేచిందంటే నీ ఉద్యోగం ఖాయం చేయమని నేనే రాస్తాను. గుడ్డు పోయిందో, నువ్వూ ఇంటికి పోవచ్చు. ఎలా కాపాడతావో నీ ఇష్టం" అని వెళ్లిపోయాడు.

ఆ మరుసటి రోజే గొర్రెల మందతో ఒక ముసలాయన వచ్చాడు. వాళ్ల నాయన కాలం నుంచి ఆ బీడులోనే మేపుతున్న మనిషి. గుడ్డు మీద గిట్టలు పడతాయని నేను కట్టె ఎత్తి అడ్డం పోయాను.

"ఏమప్పా, ఎందుకట్ల ఎగిరిపడ్తావు? మంద దగ్గరికొస్తే ఆ పిట్ట రెక్కలిప్పి నిలబడ్తాది, గొర్రెలే పక్కకు పోతాయి. గొర్రె పెంటలో పురుగులు తినేకే అది మా యెనక తిరుగుతాండేది" అన్నాడాయన.

"ఆ కతలన్నీ రేంజరుకు చెప్పుకో మామా" అన్నాను. ఆయన మందను మళ్లించుకున్నాడు.

నాకు తెలిసిన కాపలా ఒకటే. మా సీమలో దేన్ని కాయాలన్నా కంప వేస్తాం. గడ్డివామికి కంప, గొర్రెల దొడ్డికి కంప. పక్షి మేతకు పోయిన పొద్దు చూసి, రేగు కంప నరికి, గుడ్డు చుట్టూ నడుమెత్తు కంచె వేశాను. లోపలికి పోవడానికి ఒక సందు కూడా వదిలాను, నా తెలివికి.

పక్షి తిరిగి వచ్చింది. కంచె చుట్టూ నడిచింది. మెడ సాచి చూసింది, సందు దగ్గర ఆగింది, మళ్లీ చుట్టూ నడిచింది. ఎండ నెత్తికెక్కేదాకా నిలబడి, ఎటో పోయింది. అలవాటు పడుతుందిలే, కోళ్లు పడడం లేదా అనుకున్నాను. రెండో రోజూ అంతే. మూడో రోజు రానే లేదు. సిగ్గు విడిచి గొర్రెల మామను వెతుక్కుంటూ పోయాను.

ఆయన వచ్చి కంచెను చూసి నన్ను చూశాడు. "దానికి సుట్టూ సూపు ఆనల్లప్పా. నక్క యాడుండాదో, మనిషి యాడుండాడో కూసున్న తావు నుంచే సూస్తాది. ఈ గుంతలో యెట్ల కూసుంటాది? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లయిందే నీ పని."

కంప అంతా పీకేశాను. చేతులు చీరుకుపోయాయి. పక్షి రాలేదు. పక్షి లేని గుడ్డుకు కంచె కూడా లేకపోతే నక్క వదులుతుందా? సాయంత్రానికి కంప మళ్లీ వేశాను. పొద్దున తీసేవాణ్ణి, మాపున వేసేవాణ్ణి. ఏది కాపాడటమో, ఏది చంపటమో నాకు తెలియకుండా పోయింది. మధ్యాహ్నం గుడ్డును ముట్టుకుంటే రాయిలాగా కాలింది. తలగుడ్డ విప్పి నీడ పట్టి కూర్చున్నాను. ఏడుపొచ్చింది.

ఒక పొద్దున చూస్తే కంచె ఉంది, గుడ్డు లేదు. పెంకు ముక్క కూడా లేదు. నాలుగు రోజుల తర్వాత రేంజరు వచ్చాడు.

"గుడ్డు లేదు సార్" అన్నాను.

ఆయన ఖాళీ నేలనూ, చుట్టూ ఉన్న కంపనూ చూశాడు. మొహం విప్పారింది. "అంటే పిల్ల లేచి వెళ్లిపోయిందన్నమాట. భలే కంచె వేశావయ్యా."

నోరు తెరిచాను. మాట రాలేదు. రానివ్వలేదేమో, ఇప్పటికీ చెప్పలేను.

ఉద్యోగం ఖాయమైంది. పక్షి మళ్లీ రాలేదు. నా కంచె ఎలా వేయాలో చుట్టుపక్కల వాచర్లకు నేర్పమని ఆర్డరు వచ్చింది. కంప మొదళ్లు లోపలికా, బయటికా అని అడిగారు, చెప్పాను. ఎంత ఎత్తు అన్నారు, చెప్పాను. "మరి పక్షి యెట్ల లోపలికి పోతాదన్నా?" అని ఒకతను అడిగాడు. సందు వదలాలని చెప్పాను.