గంగాళం మీద పేరు

మా ఇల్లు రెండు ముక్కలైంది మా మేనత్త వల్లనేనని మావాళ్లు చెప్పుకునే కథ అబద్ధం. ఈ మాట ముందే అనేసి మొదలుపెడతాను. మొన్న సుబేదారిలో మా పెద్దబాపు కొడుకు తన మనవరాలి తొట్టెల ఫంక్షన్ చేసి, వచ్చినవాళ్లందరికీ ఎవరి పేరు అచ్చువేసిన నీళ్ల బాటిల్ వాళ్ల చేతుల్లో పెడుతూ, అందరూ నవ్వేటట్టు మళ్లీ అదే కథ ఎత్తుకున్నాడు.

"ఇదేం కొత్త ఫ్యాషన్ కాదు. మా మేనత్త ఎన్నడో చేసింది. గంగాళం మీద పేరు కొట్టిచ్చుకొని ఇల్లు పలగ్గొట్టింది" అన్నాడు.

నేను తింటున్న పళ్లెం పక్కన పెట్టాను. "అన్నా, నువ్వు చూసినవా?"

"అందరికి తెల్సిందే గదనే."

"అందరికి తెల్సుడు వేరు, చూసుడు వేరు. నువ్వప్పుడు హైదరాబాదుల చదువుకుంటున్నవ్. ఆ రోజు వాకిట్ల ఉన్నది నేను."

వెంటనే వదిన మధ్యలోకి వచ్చి "జర పర్సనల్‌గ తీస్కోకు పిల్లా, నవ్వులాటకన్నడు" అంది. యాభై దాటిన నన్ను పిల్లా అన్నందుకు సంతోషించాలో ఏమో గాని, నాతో వాదించి మాట దొరకనివాళ్లందరూ చివరికి ఆ ముక్కే అంటారు. నాకు జడలు వేసి, జ్వరమొస్తే దవాఖానలో పక్కన కూర్చున్న మనిషి గురించి అంటే పర్సనల్‌గా కాక మరెలా తీసుకోవాలి?

మా తాతది వరంగల్ బజారులో గిన్నెల దుకాణం. మొదట రాగి, ఇత్తడి, తర్వాత్తర్వాత స్టీలు. నా ఈడువాళ్లకు నేను చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో కొన్న గిన్నె మీద పేరు కొట్టించనిదే ఎవరూ ఇంటికి తీసుకుపోయేవాళ్లు కాదు. ఇరుగుపొరుగు ఇళ్లకు, పెళ్లి వంటలకు ఎరువు పోయిన గిన్నెలు తిరిగి ఇల్లు చేరాలంటే పేరే దారి. తాత గద్దె మీద కూర్చుని, గిన్నెను ఒళ్లో పెట్టుకుని, సన్నటి ఉలి మీద చిన్న సుత్తితో చుక్క పక్కన చుక్క కొట్టుకుంటూ పోతుంటే, చూస్తుండగానే ఆ చుక్కలు అక్షరాలయ్యేవి. ఆ పని ఆయన ఇద్దరు కొడుకులకూ, అంటే పెద్దబాపుకూ మా బాపుకూ, తన పద్ధతిలోనే నేర్పాడు. ముగ్గురు కొట్టిన పేర్లూ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆడవాళ్లకు గద్దె ఎక్కే రివాజు లేదు, ఉలి ముట్టుకునే మాట అసలే లేదు.

ఇంకొక పద్ధతి కూడా ఉండేది, దాని గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు. పెళ్లిలో ఇచ్చే సామాను మీద ఇచ్చినవాళ్ల పేరు ఉంటుంది, పుచ్చుకున్న పిల్ల పేరు ఉండదు. ఆ పిల్ల తండ్రి పేరున్న బిందెతో నీళ్లు తెచ్చి, మేనమామ పేరున్న గిన్నెలో వండి, మామగారి పేరున్న పళ్లెంలో వడ్డించి, జీవితమంతా అట్లాగే వెళ్లదీస్తుంది. మీ అమ్మగారి వంటింట్లో ఎప్పుడైనా ఆ పేర్లు చదివి ఉంటే మీకే తెలుస్తుంది.

మా మేనత్తను వర్ధన్నపేటకు ఇచ్చారు. ఆమె భర్త రోగమొచ్చి పోయాక, పిల్లలు లేరు కనక, అత్తగారివాళ్లు ఆమెను పుట్టింటికి పంపించేశారు. పంపించేముందు సామానంతా వాకిట్లో కుప్పపోసి పేర్లు చదివి వేరుచేశారట. వాళ్ల పేర్లున్నవి వాళ్లు ఉంచుకున్నారు, మా తాత పేరున్నవి గోనెసంచిలో కట్టి బస్సు మీద వేశారు. ఎవరివి వాళ్లకు దక్కాయని పెద్దమనుషులు కూడా మెచ్చుకున్నారు. ఆమె పేరున్నది మాత్రం ఆ కుప్పలో ఒక్కటీ లేదు.

మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఆమే. వాకిట్లో ఓ మూల నీళ్లపొయ్యి మీద తాతవాళ్ల అమ్మ కాలంనాటి రాగి గంగాళం ఉండేది. అది ఎవరికీ ఎరువు ఇచ్చేది కాదు గనక దాని మీద పేరు అవసరం పడలేదు. దాన్ని నింపడం, మంట పెట్టడం, ఇంటిల్లిపాదికీ స్నానానికి నీళ్లు తోడడం ఆమె పని. చలికాలంలో మేము పిల్లలం ఆ పొయ్యి చుట్టూ కూర్చుని ఆమె కొంగులో చేతులు వెచ్చజేసుకునేవాళ్లం.

ఒకసారి గంగాళానికి చిల్లు పడితే మాటు వేయించడానికి దుకాణానికి తీసుకుపోయారు. తిరిగి తెచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పెద్దబాపు, మా బాపు చెరొకవైపు పట్టుకుని మోసుకొచ్చి, తాత దగ్గరుండి చెబుతుంటే వాళ్లే పొయ్యిలో కూర్చోబెట్టి, మెడ దాకా మట్టి మెత్తారు. అది ఎప్పుడూ ఆడవాళ్లు చేసే పని. మగవాళ్లకు ఇవాళ ఏం పుట్టిందని అమ్మ, పెద్దమ్మ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

తాత పోయాక అన్నదమ్ములు వేరుపడాలనుకున్నారు. గమనించండి, వేరుపడాలని ముందే అనుకున్నారు. సామాను పంచడానికి మళ్లీ అదే పద్ధతి. పెద్దబాపు పేరున్నవి అటు, మా బాపు పేరున్నవి ఇటు, తాత పేరున్నవి చెరిసగం. చివరికి పేరు లేనివి రెండే మిగిలాయి. ఒకటి గంగాళం, రెండోది మా మేనత్త.

"గంగాళం పెద్దోళ్లకు రావాలె. ఆడిబిడ్డ చిన్నోళ్ల తాన ఉంటది" అంది పెద్దమ్మ.

"బాగుందక్కా! గంగాళం నీకు, ఆడిబిడ్డ నాకా?" అంది మా అమ్మ. నేను మా అమ్మను వెనకేసుకొస్తానని ఎవరూ అనుకోవద్దు. ఆమె ఆ మాట అంటున్నప్పుడు మేనత్త అక్కడే కూర్చుని చాయ్ గ్లాసులు కడుగుతోంది.

గంగాళాన్ని పొయ్యిలోంచి తవ్వి తీశారు. పెద్దమ్మ నీళ్లు గుమ్మరించి మట్టి కడిగితే, కడుపు మీద చుక్కలు బయటపడ్డాయి. చదివింది నేనే. మా మేనత్త పేరు.

"నోట్లె నాలుక లేనట్టుంటవు, కడుపుల ఇన్నున్నయా? ఎప్పుడు కొట్టిచ్చుకున్నవే?" పెద్దమ్మ గొంతు వీధి దాకా వినబడింది.

"నాకు తెల్వదు వదినా, బాపు మీద ఒట్టు" అని ఆమె అన్నల వైపు చూసింది. "పెద్దన్నా, నువ్వన్న చెప్పు. చిన్నన్నా!"

పెద్దబాపు భుజం మీది కండువా సర్దుకున్నాడు. మా బాపు ఖాళీ పొయ్యిలోకి చూస్తూ నిలబడ్డాడు.

ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుని, గంగాళం దగ్గర కూర్చుని ఆ అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా తడిమింది. తర్వాత లేచి, "పేరున్నోళ్లదే సామానాయె గద వదినా. నాది నేను తీస్కపోత" అంది. రిక్షా పిలిపించుకుని ఖిలా వరంగల్‌లో చిన్ననాటి స్నేహితురాలి ఇంటికి వెళ్లిపోయింది. ఆపలేదు, ఎవరూ.

ఆ గంగాళంలోనే ఫంక్షన్లకు పులిహోర కలుపుతూ, వంటలు చేస్తూ బతికింది. ఫలానావారి బిడ్డ, ఫలానావారి కోడలు అని కాక, ఆమె పేరు పెట్టి అడుగుతూ మనుషులు ఆ గల్లీకి వచ్చేవారు. నేను పోయినప్పుడల్లా గంగాళం చింతపండుతో తోమి మెరుస్తూ, పేరున్న వైపు వాకిలికి తిప్పి ఉండేది. పోయేముందు దాన్ని నాకు ఇమ్మని చెప్పిందట. ఇప్పుడు మా హాల్లో ఉంది. ఆమె పేరు ఇక్కడ రాయను. కావాలంటే వచ్చి చదువుకోండి.

ఫంక్షన్‌లో ఇచ్చిన నా పేరు బాటిల్‌ను ఇంటికొచ్చి సబ్బుపెట్టి తోమితే పేరు అంచు లేచిపోయింది. ఈ కాలంలో దిండు మీద, కప్పు మీద, తాళంచెవి గొలుసు మీద పేరు వేయడం ఎంత తేలికైందో, ఆ పేరు ఎవరిదో వేసే మిషనుకు తెలియకపోవడమూ అంత మామూలైంది. రాగి మీద ఒక పేరు కొట్టాలంటే గంగాళాన్ని ఒళ్లోకి తీసుకుని, ప్రతి చుక్కకూ ఆ మనిషిని తలచుకోక తప్పదు కదా. మా ముగ్గురు మగవాళ్లలో ఎవరో ఒకరు అట్లా కూర్చున్నారు. ముగ్గురూ కలిసి దాన్ని మట్టిలో దాచారో, ఒక్కరికే తెలుసో నాకు తెలియదు.

తాత, పెద్దబాపు ఇప్పుడు లేరు. మా బాపు ఉన్నాడు, నా దగ్గరే ఉంటాడు, రోజూ ఆ గంగాళం పక్కనే కుర్చీ వేసుకుని పేపరు చదువుతాడు. అడిగిన ప్రతిసారీ "గవన్ని ఇప్పుడెందుకు బిడ్డా, చాయ్ పెట్టు" అంటాడు. చాయ్ పెడతాను. కాని ఆడబిడ్డకు కూడా ఈ ఇంట్లో ఒక వస్తువు సొంతం కావాలని తోచి, చుక్క చుక్కగా ఆమె పేరు కొట్టిన ఆ చేయి ఎవరిదైనా కానీ, ఆ రోజు వాకిట్లో నిలబడ్డ ఇద్దరిలో ఎవరికీ ఆ ఒక్క మాట చెప్పడానికి నోరెందుకు రాలేదు?