మిల్లు సైగలు

మా ఆయన జూట్ మిల్లులో ముప్ఫై రెండేళ్లు మగ్గం నడిపాడు. నేను విజయనగరం పక్కనే ఒక బడిలో తెలుగు చెప్పాను. మాది మేనరికం. పెళ్లికి ముందు నుంచీ నాకు ఆయన "బావ", ఆయనకు నేను "ఒసే". మాట్లాడే పనంతా నాదే. "నోరు దీనికిచ్చినాడు, సేతులు ఆడికిచ్చినాడు దేవుడు" అని మా అత్త వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నేను కాదనలేదు. నోరుగలవాడిదే రాజ్యం కదా అనుకునేదాన్ని.

మగ్గాలు ఆడుతుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినబడదు. అందుకని అక్కడివాళ్లు సైగలతో మాట్లాడుకుంటారు. పోగు తెగిందనడానికి ఒక సైగ, దాహానికి ఒకటి, సూపర్‌వైజరు వస్తున్నాడనడానికి ఇంకొకటి. మా వాడలో మగవాళ్లు రిటైరయ్యాక కూడా ఆ అలవాటు వదలరు. పెళ్లి భోజనాల్లో పందిరి ఈ చివరి నుంచి ఆ చివరికి చేతులతోనే పులుసు అడుగుతారు. ఎవరికీ వింతగా ఉండదు. మా కొంప ముంచింది అదే.

రిటైరైన ఏడాదికి ఆయన ఇంట్లోనూ సైగలు మొదలుపెట్టాడు. గొడుగు కావాలంటే తల మీద చెయ్యి విప్పేవాడు. తాళంచెవి కావాలంటే గాలిలో తిప్పేవాడు. మిల్లు మీద బెంగ పెట్టుకున్నాడని వాడంతా అనుకుంది. నేనూ అదే అనుకున్నాను, పైగా చిరాకు పడ్డాను. "మిల్లు బాస మిల్లుకాడ ఎట్టుకో బావా. ఇంట్లో నోటితో సెప్పు" అనేదాన్ని.

బొటనవేలు పెదవికి ఆనించి పైకెత్తితే టీ. నేను గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడేదాన్ని.

"సెప్పు, ఇస్తాను."

"అదేనే... అదేటి... ఏడిగా ఉంటాది... పొద్దున తాగుతాం సూడు, అది."

నేను నవ్వేదాన్ని. బడిలో పిల్లలకు చేసినట్టే, మాట వచ్చేదాకా ఇచ్చేదాన్ని కాదు. ఒక్కోరోజు టీ చల్లారి తొరక కట్టేది. ఆయన గ్లాసు వంకా నా వంకా చూసి, వెళ్లి అరుగు మీద కూర్చునేవాడు. రెండేళ్లు ఇలా చేశాను. రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ ఇది వదిలేసి మిగతాదంతా రాస్తే నేను మంచిదాన్నన్నట్టు ఉంటుంది.

బయటపడింది ఫోన్ వల్ల. మిల్లులో ఆయన పక్క మగ్గం నడిపినతను ఒకరోజు ఫోన్ చేశాడు. వరసకు నాకు తమ్ముడు, నన్ను "అప్పా" అంటాడు. వంటింట్లోంచి చూస్తే మా ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని, రెండో చేత్తో గాలిలో సైగలు చేస్తున్నాడు. అవతల తమ్ముడు "బావా, ఉన్నావేటి? బావా!" అని అరుస్తున్నాడు. ఈయన నోరు తెరుస్తున్నాడు, మాట రావడం లేదు, మళ్లీ చెయ్యి తిప్పుతున్నాడు. అప్పుడు నాకు భయం వేసింది. అరగంటలో తమ్ముడు సైకిలేసుకుని వచ్చేశాడు.

"అప్పా, ఇది అలవాటు కాదే. మాట దొరక్కే సెయ్యి తిప్పుతన్నాడు. ఇన్నాళ్లూ మనం గుడ్డోళ్లమైపోనాం" అన్నాడు.

విశాఖ ఆసుపత్రిలో తలకు స్కానింగులు తీశారు. చెవులు బాగున్నాయి, పక్షవాతం కాదు, దారీతెన్నూ మనుషులూ అన్నీ గుర్తున్నాయి. మెదడులో మాటలు వెతికే చోటు కొద్దికొద్దిగా పాడైపోతోందట. ఆపే మందు లేదట. మాటలు పోతాయి, ఎంత కాలానికో చెప్పలేం అన్నారు డాక్టరు. జబ్బు పేరు మాత్రం బారెడుంది. పేర్లు దొరకని మనిషికి అంత పొడుగు పేరున్న జబ్బు తగిలించారేమిటని నవ్వొచ్చింది. బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాను.

ఆ ఆసుపత్రిలోనే ఇలాంటివాళ్ల మాటల మీద పరిశోధన చేసే అమ్మాయి ఒకామె ఉంది. ఆరు నెలలకోసారి బొమ్మలు చూపించి పేర్లు అడుగుతుంది. "దీనివల్ల మీకు నయం కాదమ్మా, ముందే చెప్తున్నాను" అంది. ఆ ముక్కకే ఒప్పుకున్నాను. మొదటిసారి నలభై బొమ్మల్లో ఆయన సగానికి పైగా చెప్పాడు. నన్ను పక్కన కూర్చోబెట్టి, మాట అందించకూడదని గట్టిగా చెప్పింది. దువ్వెన బొమ్మ చూసి ఆయన తల దువ్వుకున్నట్టు చేసి ఆగిపోయాడు. ఆ మాట నా నాలుక చివర గింజుకుంటోంది. పంటితో పెదవి నొక్కుకుని కూర్చున్నాను.

"దువ్వెనంటే ఏమిటో ఆయనకు తెలుసు. పేరే రావడం లేదు. రెండూ వేర్వేరు" అంది ఆ అమ్మాయి. మరి ఆ టీ సంగతో? అడగలేదు, తెలిసిపోయింది.

"సైగలు ఆయనకు మిగిలిన దారి. అవి కూడా ఎన్నాళ్లుంటాయో తెలీదు. ఉన్నప్పుడే మీరు నేర్చుకోండి, ఫొటోలు తీసి పుస్తకం చెయ్యండి. మీకు ఎన్ని తెలుసు?"

నాలుగు తెలుసు. మగ్గం నడిపిన మనిషితో అన్నేళ్లు కాపురం చేసి, నాలుగు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ రోజు నుంచి నేర్చుకోవడానికి కూర్చున్నాను. నేను ఇక ఏ దేవుణ్ణీ మాటలు అడగలేదు. కడుపులో నొప్పొస్తే నొప్పని, భయమేస్తే భయమని ఆయన నాకు చెప్పగలిగితే చాలు.

ఆదివారాలు తమ్ముడు వచ్చేవాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని సైగ చేస్తుంటే నేను ఫోన్‌లో ఫొటోలు తీసేదాన్ని. ఆ గంటసేపూ మా ఆయన మళ్లీ మిల్లులో ఉన్నట్టే ఉండేవాడు, భుజాలు కదిలించి నవ్వేవాడు. సూపర్‌వైజర్ల మీద సైగలు కొన్ని పుస్తకంలో పెట్టడానికి వీల్లేనివి. "ఓలమ్మో, అది తియ్యకప్పా" అని తమ్ముడు చేతులు వెనక్కి దాచుకున్నాడు.

ఒకటి మాత్రం నాకు అంత తేలిగ్గా అర్థం కాలేదు. రెండు వేళ్లు కళ్ల దగ్గర పెట్టి, మగ్గం వైపు చూపించి, పక్కవాడు తల ఊపేదాకా ఆగుతారు.

"నా మగ్గం సూడు, నాను బయటికెల్లొస్తాను అని" చెప్పాడు తమ్ముడు. "ఆ ఎనకాలే సేతి ఏళ్లు సూపాల. ఐదూ సూపితే ఐదు నిమిషాలు. తలూపినోడు ఇంక కదలకూడదు. సైరన్ కూసినా, ఆడొచ్చేదాకా ఆ మగ్గం ఈడిదే. మీ ఆయన ఒకపాలి నా మగ్గంకాడ రెండో షిఫ్టు సగం దాకా నిలబడిపోనాడు. నాకు కళ్లు తిరిగి డిస్పెన్సరీలో పడుకోబెట్టీసినారు. ఆడికి కబురు సెప్పినోడు లేడు."

అది కూడా ఫొటో తీశాను. పుస్తకం తయారైంది, అరవైకి పైగా పేజీలు.

అయినా అలసట తగ్గలేదు. ఆయన వంతు మాటలు కూడా నేనే మాట్లాడాలి. పాలవాడితో, బ్యాంకులో, "అన్నయ్య బాగున్నాడా" అని అడిగినవాళ్లతో. సాయంత్రానికి గొంతు ఎండిపోయేది. ఏదో అడగబోయి ఆయన సైగ కూడా మరిచి చెయ్యి గాలిలో ఆపేస్తే, చోడి అంబలా, దుప్పటా, బయటికా అని ఒక్కోటి అడుక్కుంటూ పోవాలి. నాలుగో దానికే నాకు కోపం వచ్చేది. కేకలేసేదాన్ని. ఆయన ఏమీ అనేవాడు కాదు, అనలేడు కాబట్టి. గెలవడంలో అంత నీచం ఉంటుందని నాకు అంతకుముందు తెలీదు.

నాలుగోసారి బొమ్మలకు వెళ్లింది మొన్న వేసవిలో. రైల్లో కొత్తవలస దాకా నిలబడే వెళ్లాం, ఇద్దరికీ కాళ్లు పీకేశాయి. ఆ అమ్మాయి ఎప్పటిలా బల్ల మీద బొమ్మలు పెట్టింది. చేప బొమ్మకు ఆయన అరచెయ్యి ఆడించాడు. పిల్లికి ఏమీ లేదు. మంచానికి ఏమీ లేదు. టీ గ్లాసు బొమ్మ వచ్చింది. నేను ఆయన బొటనవేలి వంకే చూస్తున్నాను. అది కదల్లేదు. ఆయన ఆ బొమ్మను చాలాసేపు చూసి, నా వైపు తిరిగాడు.

రెండు వేళ్లు కళ్ల దగ్గర పెట్టాడు. బల్ల మీది బొమ్మలన్నిటి వైపూ చూపించాడు. నేను తల ఊపేదాకా ఆగాడు.

ఊపాను. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, కింద ఆటోల వంక చూస్తూ నిలబడ్డాడు. భుజాలు తేలికపడ్డాయి.

"ఏమన్నారమ్మా?" అంది ఆ అమ్మాయి, కలం పట్టుకుని.

"తన మగ్గం నన్ను చూడమన్నాడు."

"ఎంతసేపు?" పుస్తకంలో ఆ పేజీ ఆమె చదివింది.

వేళ్లు చూపించలేదని చెప్పాను. చెప్పి, ఆయన కుర్చీలోకి మారి కూర్చున్నాను.