చప్పట్లలో కలిసిపోయిన వార్త

తణుకులో కామేశం మాస్టారి కాన్వెంటు ఎక్కడని అడిగితే రిక్షావాళ్ళు కూడా దారి చెబుతారు. ఆ కాన్వెంటులో మూడో తరగతి చెప్పే బాలాత్రిపురసుందరిని అందరూ బాలా టీచర్ అనేవారు. ఆవిడా ఆ బడి పిల్లే. తొంభై రెండులో టెన్త్ ఫస్టు, ఆరొందలకి అయిదొందల నలభై ఒకటి. ఆఫీసు గదిలో బోర్డు మీద ఆ అంకె తెల్ల పెయింటుతో ఇప్పటికీ ఉంది. పొద్దున్నే రిజిస్టర్‌లో సంతకం పెట్టి, ఆ అంకెని ఓసారి చూసుకుని, దాని కింద రెండో స్థానంలో ఉన్న అలేఖ్య పేరుని కూడా ఓ చూపు చూసి, అప్పుడు క్లాసుకి వెళ్ళేది.

డిగ్రీ అవగానే మాస్టారే స్వయంగా ఇంటికొచ్చి, "మన బడి పిల్ల మన బడికే కావాలమ్మా," అన్నారు. అప్పుడది ఎంత గొప్పగా అనిపించిందో! అమ్మ వీధంతా చెప్పుకుంది. ఆ గొప్ప రెండేళ్ళకే కరిగిపోయింది. మూడో తరగతి మాత్రం అలాగే ఉండిపోయింది.

మాస్టారికో పద్ధతి ఉంది. ఏటా ఫిబ్రవరిలో వార్షికోత్సవం నాడు, బహుమతులకి ముందు, పాత విద్యార్థుల కబుర్లు మైకులో చదివిస్తారు. ఎవరికి ఏ ఉద్యోగం వచ్చింది, ఎవరు ఏ పరీక్ష గట్టెక్కారు, అన్నీ. పేరు వచ్చినవాళ్ళు సభలో ఉంటే స్టేజీ ఎక్కి శాలువా కప్పించుకోవాలి. ఒకసారి ఒకాయన తన కొడుకు ఎస్సై అయిపోయాడని చదివించేశాడు. మర్నాటికి తేలిందేమిటంటే, ఆ అబ్బాయి రాతపరీక్ష రాశాడు, అంతే. అప్పట్నుంచీ రూలు గట్టిది: ఎవరి సంగతి వాళ్ళు సొంత దస్తూరీతో రాయాలి, పోస్టులో రావాలి. మాస్టారు ఒక్కో ఉత్తరం విప్పి, ఎర్ర సిరాతో టిక్కు పెట్టి, కట్ట కట్టి బాల చేతికిస్తారు. గొంతు బాగుంటుందని చదివే పని ఆవిడకి అంటగట్టారు.

ఇంతకన్నా శిక్ష ఇంకోటుంటుందా చెప్పండి! ఆవిడ లెక్కల నోట్సు కాపీ కొట్టి ప్యాసైన గణేష్‌బాబు కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో ఇంజనీరయ్యాడని ఆవిడే చదవాలి. ఎక్కాలు రాక గోడకుర్చీ వేసిన మణిశంకర్ చార్టర్డ్ అకౌంటెంటు అయ్యాడనీ ఆవిడే చదవాలి. అదీ నవ్వుతూ. చదువుతున్నంతసేపూ లోపల భగభగా మండిపోయేది.

మండగా మండగా ఆవిడ ఓ కిటుకు కనిపెట్టింది. పేరు చదివి ఒక్క క్షణం ఆగితే చాలు, జనం చప్పట్లు కొట్టేస్తారు. ఆ హోరులో ఉద్యోగం సంగతి గబగబా చదివేస్తే ఒక్కరికీ వినపడదు. చదవలేదని ఎవరూ అనలేరు. తను కుళ్ళుకోని వాళ్ళ వార్తలు మాత్రం చప్పట్లు ఆగేదాకా ఆగి, విడమరిచి చదివేది.

రెండువేల రెండు జనవరిలో బాలకి ఓ సంతోషం కలిగింది. దూరవిద్యలో కట్టిన ఎం.ఏ. ఇంగ్లీషు, మూడోసారికి, ప్యాసయింది. ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు. మైకులో వినాలని కోరిక. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన పేరు కూడా ఆ స్టేజీ మీద వినపడాలి. అందులోనూ ఆ ఏడు అలేఖ్య వస్తోంది. బ్యాంకు ఆఫీసరు పరీక్ష మొదటిసారే ప్యాసై రాజమండ్రిలో చేరిందట, ఉత్తరం వచ్చింది. మొదటిసారే! ఆ మాట దగ్గర బాల పళ్ళు నూరుకుంది.

కానీ బళ్ళోనే ఉంటూ, నా గురించి కూడా చదవండి అని అడగడం ఎలా? సిగ్గు చంపేసింది. అమ్మతో సామర్లకోట భీమేశ్వరుడి గుడికి వెళ్ళినప్పుడు, ఊరొదిలి వెళ్ళిన పాత విద్యార్థి ఎవరో రాసినట్టు, అక్షరాలన్నీ వెనక్కి వాల్చి ఇంగ్లీషులో ఓ ఉత్తరం రాసి, అక్కడి స్టేషన్ దగ్గర డబ్బాలో పడేసింది. ఉత్తరంలో ఎం.ఏ. సంగతి మాత్రం ఉంది, ఎక్కడ పనిచేస్తోందో లేదు.

వారం తర్వాత మాస్టారు పిలిచారు. బల్ల మీద ఆ ఉత్తరం ఉంది. టిక్కు లేదు.

"ఎంత వాల్చి రాస్తే మాత్రం, ఈ 'వై' తోక నేను చెయ్యి పట్టుకుని దిద్దించిందే కదమ్మా!" అన్నారు నవ్వుతూ.

బాల మొహం కందగడ్డయింది. "అయితే చదవకూడదాండి?"

"మనం చదివేది వెళ్ళిపోయినవాళ్ళ సంగతులు. నువ్విక్కడే ఉన్నావు కదా. పైగా ఎం.ఏ. అని మైకులో చెబితే కాలేజీవాళ్ళు ఎగరేసుకుపోరూ? నా మూడో తరగతి ఏంగాను?" అని ఉత్తరాన్ని సొరుగులో పెట్టేశారు.

ఆయన దాచుకోకుండానే చెప్పేశారు. బాలకి ఒళ్ళు మండింది. కాలేజీవాళ్ళు ఎగరేసుకుపోతారన్న మాట మాత్రం చెవిలోంచి పోలేదు.

వార్షికోత్సవానికి అలేఖ్య పట్టుచీర కట్టుకుని, నాన్నగారిని వెంటబెట్టుకుని కారులో దిగింది. బాలని చూడగానే చేతులు పట్టేసుకుంది. "ఏంటే బాలా, ఇంకా ఇక్కడేనా?" ప్రేమగానే అంది పాపం. ఆ ప్రేమకే బాలకి కారం పూసినట్టయింది.

మైకు ముందుకి వెళ్ళి, "అలేఖ్య, తొంభై రెండు బ్యాచ్," అని ఆగింది. చప్పట్లు దద్దరిల్లాయి. బ్యాంకూ, ఆఫీసరూ, మొదటిసారీ అన్నీ ఆ చప్పట్లలో కలిసిపోయాయి. ముందు వరసలో అలేఖ్య నాన్నగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, పక్కవాణ్ణి "ఏం చదివారండీ?" అని అడుగుతున్నారు.

శాలువా కప్పించుకుని దిగుతూ అలేఖ్య, "నాన్నగారికి వినపడలేదటే, ఇంకోసారి చదవవా?" అంది.

"లిస్టు చాలా ఉందే, టైము లేదు," అంది బాల. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది ఆవిడకి. పట్టదేంటి!

మర్నాడే సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని రాజమండ్రి బస్సెక్కింది. నాలుగు ప్రైవేటు కాలేజీలు తిరిగింది. నాలుగోది తీసుకుంది. జూన్‌లో ఇంటరు పిల్లలకి ఇంగ్లీషు లెక్చరరుగా చేరింది. మాస్టారు నెల్లాళ్ళు మూతి ముడుచుకుని, ఆ తర్వాత దుర్గాశ్రీ వాళ్ళింటికి వెళ్ళారు. ఆ అమ్మాయి తొంభై ఏడులో టెన్త్ ఫస్టు, అయిదొందల యాభై రెండు. బాల కన్నా పదకొండు ఎక్కువ. డిగ్రీ అప్పుడే అయింది. "మన బడి పిల్ల మన బడికే కావాలమ్మా," అన్నారట.

మళ్ళీ జనవరిలో బాల నిటారు అక్షరాలతో, 'వై' తోక సహా, ఉత్తరం రాసి రాజమండ్రి నుంచి పోస్టు చేసింది. మాస్టారు ఈసారి టిక్కు పెట్టారని తెలిసింది. ఫిబ్రవరిలో కొత్త చీర కట్టుకుని, అమ్మని తీసుకుని, ముందు వరసలో కూర్చుంది. లెక్చరర్ అన్న మాట ఆ మైకులో వినడానికే కదా ఏడాదంతా ఎదురుచూసింది!

మైకు దగ్గర దుర్గాశ్రీ. వాయిల్ చీర, వేళ్ళకి సుద్ద మరకలు. కాగితం తిప్పి, తలెత్తి బాల కేసి చూసింది. పెదాలు నవ్వుతున్నాయి గానీ కళ్ళు నవ్వడం లేదు. ఆ చూపు బాలకి బాగా తెలుసు.

"బాలాత్రిపురసుందరి, తొంభై రెండు బ్యాచ్," అని దుర్గాశ్రీ ఆగింది.

వద్దు, ఆగకు, అనుకుంది బాల. చప్పట్లు మొదలైపోయాయి. అందరికన్నా గట్టిగా ఆవిడ పాత మూడో తరగతి పిల్లలే కొడుతున్నారు. ఆ హోరులో దుర్గాశ్రీ పెదాలు గబగబా కదిలి, ఆగిపోయాయి.

"ఏం చదివిందే? కాలేజీ సంగతి చెప్పిందా?" అని అమ్మ మోచేత్తో పొడిచింది. బాల లేచి, స్టేజీ ఎక్కి, శాలువా కప్పించుకుంది. దిగుతూ మైకు పక్కన నిలబడింది. ఇంకోసారి చదవమని అడగడానికి నోరు తెరిచింది.

దుర్గాశ్రీ చేతిలో కట్ట ఇంకా లావుగానే ఉంది. బాల నోరు మూసుకుని మెట్లు దిగింది.