అన్నం మీద ఏం వేస్తున్నారు?

2010. తార్నాకలో మా చిన్న పశువైద్యశాల. తెలంగాణ ఉద్యమం మంచి ఊపులో ఉన్న రోజులు. యూనివర్సిటీ వైపు నుంచి నినాదాలు మొదలైతే షట్టర్ సగానికి దించుకుని పని చేసుకునేదాన్ని. కుక్కల రోగాలకు బంద్ ఉండదు కదా.

ఒక ఉదయం యాదగిరి అనే ఎం.ఏ. విద్యార్థి హాస్టల్ కుక్కను దుప్పట్లో చుట్టి ఎత్తుకొచ్చాడు. పేరుకు షేరు, అంటే సింహమే గానీ దానికి తల ఎత్తే ఓపిక కూడా లేదు.

“టియర్ గ్యాస్ పీల్చింది మేడమ్. గా పొగనే దీన్ని ఖరాబ్ చేసింది,” అన్నాడు. దుప్పటి విప్పుతూ, “ఆంధ్రా డాక్టరమ్మ దగ్గరికెందుకురా అన్నరు మా దోస్తులు. గానీ దగ్గర మీరే ఉన్నరు,” అని ఉన్నమాట చెప్పేశాడు.

మాది గుడివాడ. కోపం రాలేదు, నవ్వొచ్చింది. “మా ఆంధ్రా సూది దీనికి పనిచేస్తుందో లేదో చూద్దాం, గట్టిగా పట్టుకో,” అన్నాను.

కళ్లు ఎర్రబడలేదు, దగ్గు లేదు. చిగుళ్లు మాత్రం తెల్లగా పాలిపోయాయి. మూత్రం కాఫీ రంగులో వస్తోందట. పొగ పీలిస్తే ఇలా కాదు. బ్లడ్ స్మియర్ చేశాను, అంటే రక్తం చుక్కను గాజుపలక మీద పలచగా పూసి మైక్రోస్కోప్‌లో చూశాను. ఎర్రకణాల అంచుల్లో చిన్న బొడిపెలు కనిపించాయి. వాటిని హైంజ్ బాడీస్ అంటాం. ఎర్రకణాలు దెబ్బతిని పగిలిపోతున్నాయన్నమాట. ఇలాగే సాగితే షేరు దక్కకపోవచ్చని దాచకుండా చెప్పాను.

“ఏం పెడుతున్నావు దీనికి?”

“అన్నం మేడమ్. ఇంకేం లేదు.”

“ఉత్త అన్నమే తింటుందా?”

“ఉత్తది ముట్టది. పైన ఇంత చికెన్ కూర ఏస్త. వంటావార్పుల మిగిలింది.”

నిరసనగా రోడ్డు మీదే పొయ్యి పెట్టి వండుకు తినడమే వంటావార్పు. ఆ రోజుల్లో అది తరచూ జరిగేది.

“కూర అట్లనే పెట్ట మేడమ్. కారం తగుల్తదని జాలిగంటెల ఏసి నల్లా కింద కడుగుత. మా అమ్మ చిన్నపిల్లలకు గట్లనే పెడ్తుండె.”

“కడిగాక ఏం మిగులుతుంది?”

“ముక్కలు, ఉల్లిగడ్డ గుజ్జు. గా గుజ్జంటే దానికి పానం. నా వాటా గూడ దానికే ఏస్తున్న.”

అదీ సంగతి. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ఉడికించినా, కడిగినా ఆ గుణం పోదు. ఆ మాట చెప్పగానే యాదగిరి నేల మీద కూలబడ్డాడు. “పొగ అనుకున్న మేడమ్. నా చేతులతోనే పెట్టిన,” అని వెక్కి వెక్కి ఏడ్చాడు. అంత శ్రద్ధగా కడిగి పెట్టినవాణ్ణి ఏమని తిట్టను?

సెలైన్ పెట్టాం. రక్తం ఎక్కించాల్సి వస్తుందేమోనని భయపడ్డాను గానీ ఆ అవసరం రాలేదు. మెల్లగా చిగుళ్లకు రంగు తిరిగింది. కాస్త కోలుకోగానే షేరు ఉత్త అన్నాన్ని వాసన చూసి మొహం తిప్పుకుంది.

“ఇంక పైన ఏం ఎయ్యొద్దా మేడమ్?”

“వెయ్యి. ఉప్పూ కారం మసాలా లేకుండా ఉడికించి, ఎముక తీసిన కోడి ముక్క. లేదా ఉడికిన గుడ్డు, గుమ్మడి. గిన్నెలో పదో వంతు దాటొద్దు. కిస్‌మిస్, ద్రాక్ష కూడా కుక్కలకు విషమే, దగ్గరికి రానివ్వకు.”

అప్పటి నుంచి ఎవరు కుక్కను తెచ్చినా ఏం పెడుతున్నారని అడిగి ఊరుకోను. ఆ ప్రశ్నకు అందరూ అడుగున ఉన్న అన్నం సంగతే చెబుతారు. పైన వేసేది వాళ్ల దృష్టిలో తిండి కాదు, ముద్దు. అందుకే పైన ఏం వేస్తున్నారని విడిగా అడుగుతాను.

కొన్నాళ్లకు చౌరస్తాలో వంటావార్పు జరుగుతుంటే అటుగా వెళ్తున్నాను. యాదగిరి గొంతు గుర్తుపట్టి ఆగాను.

“ఉల్లిగడ్డలు ఇప్పుడే ఎయ్యకుండ్రి! ముందుగాల షేరుకు పెట్టే కోడి ముక్కలు ఉడకనియ్యుండ్రి.”

పెద్ద గిన్నె చుట్టూ ఆకలితో ఉన్న అంతమంది, ఒక్కరూ విసుక్కోకుండా ఆగారు.