రాజమణి బోనాల మొఖం

"గా డబ్బా రేపు గూడ నన్ను గుర్తుపట్టకుంటే నా నౌకరి పోతది బిడ్డా!"

రక్తం సీసాల మీద పేర్లు అంటిస్తున్న శ్రీలత తలెత్తింది. ల్యాబ్ గుమ్మంలో తుడుపు కర్రను ఊతంగా పట్టుకుని రాజమణి నిలబడి ఉంది. నల్గొండలోని ఆ ప్రైవేటు దవాఖానలో ఎనిమిదేళ్లుగా నేల తుడిచే మనిషి. పానగల్‌లో నేతింటి కోడలు. మగ్గానికి నూలు కండెలు చుట్టీ చుట్టీ వేళ్ల గీతలు సగం అరిగిపోతే, మిగతా సగం ఫినాయిల్ నీళ్లలో పోయాయి. అందుకే వేలిముద్ర మిషను ఉన్నన్నాళ్లూ ఆమెకు తిప్పలే. ఇప్పుడు దాని జాగాలో మొఖం చూసి హాజరు వేసే మిషను పెట్టారు. పెట్టిన రెండు రోజుల నుంచీ అది ఆమెను చూడగానే ఎర్రలైటు వెలిగించి, గుర్తింపు లేదంటోంది.

"సూపర్‌వైజర్ సారేమన్నడు పెద్దమ్మా?"

"నా కండ్లకు కనిపిస్తున్నవ్ గని, మిషనుకు కనిపిస్తలేవన్నడు. మూడు నాగాలు పడితే ఏజెన్సోళ్లు ఇంకో మనిషిని పంపుతరంట. మనుషులకు కనిపించి మిషనుకు కనిపియ్యకపోవుడేంది? నేనేమన్న కొత్త రకం దయ్యాన్నా?"

అని తనే నవ్వింది. నడుం పట్టేసి భర్త పరమేశ్వర్ మగ్గం దిగి ఏడాదైంది. ఇల్లు నడిచేది ఈమె రెక్కల మీదనే.

శ్రీలతకు నవ్వు రాలేదు. ఎనిమిదేళ్ల మనిషినే మిషను కాదంటే, నిన్న మొన్న చేరిన తన గతేమిటి? చేరేటప్పుడు చంటిపిల్ల ఉన్న సంగతి దాచి, "ఏ డ్యూటీకైనా వస్త సార్" అని చెప్పింది. అప్పటి నుంచి పాప ఒళ్లు వెచ్చబడినప్పుడల్లా ఒక అబద్ధం. సెలవు చీటీల ప్రకారం ఆమె అవ్వ ఇప్పటికి మూడుసార్లు చనిపోయింది. తిరుమలగిరిలో ఆ అవ్వ నిక్షేపంగా జొన్నరొట్టెలు తింటోంది. ఈ సంగతి తెలిసింది రాజమణి ఒక్కదానికే. ఇంతవరకు ఎవరి దగ్గరా నోరు జారలేదు.

"పా పెద్దమ్మా, దాని సంగతేందో చూద్దాం."

ప్రయోగంలో ఒకసారికి ఒక్కటే మార్చాలని డిగ్రీలో నేర్చుకున్న చదువు అక్కరకొచ్చింది. కళ్లద్దాలు తీయించింది. ఎరుపే. కిటికీ వెలుగు పడేలా నిలబెట్టింది. ఎరుపే. మిషను అద్దం తుడిచింది. అయినా ఎరుపే.

"గీ మిషనుకు ఫోటో దిగిననాడు నువ్వు ఎట్లున్నవ్?"

"ఎట్లుంట? మంచిగనే ఉన్న. మొన్న ఐతారం బోనాలు గదా. బోనమెత్తి గట్లనే డ్యూటీకొచ్చిన. మొఖం నిండ పసుపు, గింత బొట్టు..."

ఇద్దరూ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు.

క్యాంటీన్‌లో వంటచేసే గోపమ్మ పసుపు డబ్బా, కుంకుమ భరిణె తెచ్చింది. రాజమణి మొఖమంతా పూసుకుని మిషను ముందు నిలబడింది. పచ్చలైటు వెలిగింది.

"దీనికి భక్తి జర ఎక్కువనే ఉన్నట్టుందే!" అంది గోపమ్మ.

సూపర్‌వైజర్ అశోక్‌కుమార్ మాత్రం నవ్వలేదు. "మల్ల ఫోటో దియ్యాలంటే హైదరాబాద్ ఆఫీసు ఒప్పుకోవాలె. అందాక గట్లనే రా" అన్నాడు.

రాజమణి అట్లానే వచ్చింది. రోజుకు నాలుగుసార్లు మొఖం చూపాలి కాబట్టి కడుక్కునే వీలు కూడా లేదు. అయిదో రోజున ఆపరేషన్ వార్డులో ఒక తల్లి, ఆమెకు అమ్మవారు పూనిందనుకుని కాళ్ల మీద పడింది. "అమ్మా, నా కొడుకు ఆపరేషన్ మంచిగైతదా, చెప్పు!"

"డాక్టర్‌ను అడుగు తల్లీ. నేను బాత్రూములు కడిగేదాన్ని."

ఎవరు వింటారు? మరునాటికి మెట్ల దగ్గర నలుగురు కాచుకుని ఉన్నారు. పెద్ద డాక్టరు రౌండుకు వచ్చే సరికి ఆపరేషన్ థియేటర్ ముందు ఒకాయన టెంకాయ కొడుతున్నాడు. ఆ తర్వాత అరగంటలోనే హైదరాబాద్ నుంచి అనుమతి వచ్చింది.

రాజమణి మొఖం కడుక్కుని, కొంగు నడుముకు దోపి, చెమటతోనే వచ్చి నిలబడింది.

"జర నవ్వమ్మా" అన్నాడు అశోక్‌కుమార్.

"రోజూ నవ్వుకుంట వస్తనా సారూ? గిట్లనే దింపు."

పచ్చలైటు వెలిగింది. రాజమణి మెట్ల మీద కూలబడి, వారం తర్వాత మొదటిసారి సద్ది డబ్బాలోని అన్నమంతా తినేసింది. ఇక్కడ అబద్ధాలతో ఇంకెన్నాళ్లో నెట్టుకురాలేనని, రేపు ఇంకో ల్యాబ్‌లో ఇంటర్వ్యూ ఉందని శ్రీలత అప్పుడే ఆమెకు చెప్పింది.

మరునాడు ఆ ల్యాబ్ డాక్టరు, "రాత్రి డ్యూటీకి వస్తారా?" అని అడిగాడు. పాత జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. శ్రీలత దాన్ని మింగేసింది.

"రాను సార్. నాకు పది నెలల పాప ఉంది. పొద్దటి డ్యూటీ ఇస్తే మాత్రం ఒక్క నిమిషం ఆలస్యం చేయను."

ఆయన డ్యూటీల కాగితం తీసి చూశాడు. "పొద్దున ఏడింటికి రాగలరా?"

రాగలదు. ఇక అవ్వను చంపే పని లేదు. నిన్న మెట్ల మీద అన్నం ముద్ద కలుపుతూ రాజమణి చెప్పింది ఇదే:

"కొత్త జాగల పండుగ మొఖం చూపియ్యకు బిడ్డా. మొదటినాడు ఏ మొఖం చూపిస్తవో, రోజూ గదే తెమ్మంటరు. రోజూ తేగలిగిందే చూపియ్యి."