గుమ్మిలో బూర

పొద్దున షట్టరు ఎత్తగానే వీరబాబు గోడకు వేలాడే గిటారు దగ్గరికి వెళ్లి ఆరు తీగల్నీ ఒక్కోసారి మీటుతాడు. కరెంటు పెట్టడు, ఒట్టి చేత్తోనే. ఏ తీగైనా దిగితే బిగిస్తాడు. ఆ తరువాతే చీపురు, ఆ తరువాతే మోటార్లు. బూర్గంపాడులో బోరు మోటార్లకు కాయిల్ చుట్టేవాళ్లలో అతనికి మంచి పేరుంది. తిరుగుతున్న మోటారు మీద చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, "లోపల బేరింగు కొట్టుకుంటుంది" అని చెప్పేస్తాడు. విప్పి చూస్తే అదే ఉంటుంది. వయసు నలభై ఒకటి. పెళ్లిళ్ల కాలంలో ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు.

గిటారు నేర్పింది పోతయ్య. ఆయన ఒకప్పుడు ఊళ్లో మైక్‌సెట్టు కిరాయికిచ్చే మనిషి. ఎవరిదో పాత ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కుని, దానిమీద తనే ఒక వరస కట్టి, ముప్పై ఎనిమిదేళ్ల కింద ఇంట్లోనే క్యాసెట్టుకెక్కించాడు. మాటల్లేవు, ఒట్టి గిటారు, నాలుగు నిమిషాలు. చుట్టుపక్కల ఎక్కడ పెళ్లి పందిరి పడినా ఆ క్యాసెట్టు మోగేది. దాన్ని అందరూ "పోతయ్య బిట్టు" అనేవారు. అందులో గిటారు మామూలు గిటారులా వినిపించదు. గొంతు కొంచెం బొంగురుపోయిన మనిషి పాడినట్టు ఉంటుంది.

మూడేళ్ల కింద పోతయ్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది. ఆ వానాకాలమే టేపురికార్డరు క్యాసెట్టు రీలును నమిలేసింది. సగం బిట్టు మిగిలింది. ఇంకో కాపీ కోసం ఖమ్మం దాకా అడిగారు, దొరకలేదు. పోయిన సగం ఇక పోతయ్య గొంతులోనే ఉంది. మాట తడబడినా ఆయన కూనిరాగం తడబడదు. వీరబాబు ఆ కూనిరాగం విని నేర్చుకుని, వాయించి, మిగిలిన సగానికి అతికించి వినిపించాడు.

అతుకు దగ్గరికి రాగానే పోతయ్య ఎడమచెయ్యి ఎత్తాడు.

"ఈడిదాకా నేను. ఈడికెల్లి నువ్వు."

"వరస తప్పిందా మామా?"

"వరస మంచిగనే ఉంది. సౌండు నాది కాదు. నా బిట్టు ఈడ సచ్చిపోయింది, నువ్వొచ్చి దినాలు చేస్తున్నవ్."

వీరబాబుకు నవ్వొచ్చింది గాని నవ్వలేదు. ఈమధ్య కూనిరాగంలో చివరి వరస రోజుకో తీరుగా వస్తోంది. ఆ సంగతి పోతయ్యకూ తెలుసు. అది పూర్తిగా మరుపున పడేలోపు, బిట్టు మొదటి నుంచి చివరిదాకా తన శబ్దంతోనే వినాలని ఆయన కోరిక. వినిపిస్తానని వీరబాబు మాటిచ్చాడు.

ఒక పెట్టెను నమ్ముకుని ఇచ్చిన మాట అది. రెండు ఇటుకలంత ఉంటుంది, డిజిటల్ మోడలర్ అంటారు. నాకు వీటి గురించి తెలిసింది తక్కువ, వీరబాబు చెప్పినట్టే రాస్తున్నాను. పేరున్న పాత ఆంప్లిఫయర్లు, స్పీకర్లు ఎలా మోగేవో ఆ పెట్టెకు తెలుసు. గిటారు తగిలించి కావలసినదాన్ని ఎంచుకుంటే అచ్చం అలాగే మోగిస్తుంది. మూడు నెలలు, మధ్యాహ్నం గిరాకీ లేని వేళల్లో, వీరబాబు ఆ పెట్టెలో ఉన్నవన్నీ మోగించి చూశాడు. ఏదీ కుదరలేదు.

"మోటారుకు గూడ గింతసేపు కూసోలేదు గదయ్యా నువ్వు," అంది భార్య ప్రమీల, టిఫిన్ డబ్బా బల్లమీద పెడుతూ.

"మోటారైతే ఏం పోయిందో చెప్తదే. ఇది చెప్తలేదు."

చివరికి పోతయ్యనే అడిగాడు. "మామా, రికార్డు చేసిననాడు దేంట్లకు తగిలించినవ్? స్పీకరేంది?"

గిటారు ఆంప్లిఫయరు ఆ రోజుల్లో పోతయ్యకెక్కడిది? మైక్‌సెట్టుకే తగిలించాడట. స్పీకరంటే పెళ్లిళ్లలో గుంజకు కట్టే బూరే. ఆ బూర ఎక్కడ పెట్టావంటే, ముద్దమాటల్లో ఆయన చెప్పింది వీరబాబుకు "గుమ్మం" అని వినిపించింది.

పెట్టెలో పెళ్లిబూర లేదు. అయినా పెట్టెకు కొత్తది నేర్పొచ్చు. లావుగా మొదలై సన్నగా పైకి సాగే ఒక కూతను బూరలోంచి వదిలి, మైకుతో పట్టి ఎక్కిస్తే, ఆ బూరా అది ఉన్న చోటూ ఎలా మోగుతాయో పెట్టె నేర్చుకుంటుంది. వీరబాబు బూర తెచ్చి తన ఇంటి గుమ్మంలో పెట్టి కూయించాడు. తరువాత పెరటి గుమ్మంలో, తరువాత పక్కింటి గుమ్మంలో.

"ఊళ్ల ఇంకెవరి గుమ్మం మిగిలిందయ్యా?" అంది ప్రమీల.

ఆ సంగతి విని పోతయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎడమచేత్తో గాలిలో గుండ్రంగా, మనిషెత్తున చూపించాడు.

"గుమ్మం కాదురా గాడిదా! గుమ్మి! వడ్ల గుమ్మి!"

బూర ఇంట్లో మోగిస్తే చుట్టుపక్కలవాళ్లు కొట్లాటకొచ్చారట. కోతలకు ముందు రోజులు కాబట్టి గుమ్మిలో వడ్లు అడుగంటాయి. వెదురుతో అల్లి పేడతో అలికిన ఆ గుమ్మిలోకి బూరను బోర్లా దించి, పక్కన మైకు వేలాడదీసి వాయించాడట.

ఇప్పుడు గుమ్మి ఎక్కడుంది? మోటారుకొచ్చిన ప్రతివాళ్లనూ వీరబాబు అడిగాడు. తల్లాడ నుంచి వచ్చిన రైతు ప్లాస్టిక్ డ్రమ్ములున్నాయి, అవి చాలవా అన్నాడు. ఆఖరికి అడవి అంచు పల్లెలో గంగక్క ఇంట్లో దొరికింది. ఆమె బోరు మోటారు రెండుసార్లు బాగుచేసింది వీరబాబే.

"గుమ్మిల పాటేంది తమ్మీ? ఎలుకలకా?" అంది గంగక్క.

"ఎలుకలకు గాదక్కా, మా మామకు. ఖాళీ అయితే చెప్పు, నేనే ఊడ్చుకుంట."

"ఊడ్చుడు గీడ్చుడు ఏం లేదు. మా ఇంట్ల గుమ్మిని ఉత్తది చెయ్యం. అడుగున దోసెడు గింజలుంచుతం."

సరేనని, గుమ్మి అడుగంటిన వారం బూర దించి కూత వదిలాడు. అడుగున వడ్లు జరజరమన్నాయి. ఆ చప్పుడు వినగానే అతని చెవికి అది లోపంలా తోచింది. గంగక్కను అడిగి దుప్పటి తెచ్చి, నాలుగు మడతలు వేసి గింజలమీద పరిచాడు. చప్పుడు పోయింది. కూతను శుభ్రంగా పట్టుకుని ఇంటికొచ్చాడు.

ఈసారి అతుకు దాటి నాలుగైదు స్వరాలు నడిచాక గాని పోతయ్య చెయ్యి లేవలేదు.

"గుమ్మి వచ్చిందిరా," అన్నాడు. "వడ్లు రాలే."

"అవి జరజరమంటుంటే నేనే దుప్పటేసిన మామా. ఖరాబు సౌండనుకున్న."

"అవ్, నీకు అన్నీ మోటార్లే!"

మర్నాడే మళ్లీ గంగక్క ఇంటికి. ఒక చోటు ఎలా మోగుతుందో పెట్టె నేర్చుకోగలదు గాని, గింజలు ఒక్కో మీటుకు ఒక్కోలా ఎగురుతాయి, అది దానికి పట్టుబడదు. అందుకని మైక్‌సెట్టు శబ్దాన్ని పెట్టెలోనే తయారుచేసి, దాన్ని నిజం బూరలోంచి నిజం గుమ్మిలోకి వదిలాడు. అరుగుమీద కూర్చుని పోయిన సగాన్ని పదకొండుసార్లు వాయించి రికార్డు చేశాడు. నాలుగోసారికి గంగక్క చాటలో చింతపండు వదిలేసి వచ్చింది.

"గిది నా పెండ్లిల మోగింది తమ్మీ. బువ్వ గూడ సక్కగ తిననియ్యలే."

ఆదివారం పొద్దున పోతయ్య మంచం పక్కన కూర్చుని వీరబాబు మొత్తం వినిపించాడు. ఆయన కళ్లు మూసుకున్నాడు. నిమిషమున్నర గడిచిందో లేదో చెయ్యి పైకి లేచింది. బిట్టు ఎంతదాకా వచ్చిందో వీరబాబు ఫోన్లో చూసుకున్నాడు. ఆపకుండా చివరిదాకా పోనిచ్చాడు.

"దొరికినవ్!" అన్నాడు పోతయ్య. "ఆడ నీ వేలు జారింది."

"ఆ వేలు నీదే మామా. అతుకు ఇంకో అర నిమిషం అవతల."

పోతయ్య నమ్మలేదు. మళ్లీ పెట్టించుకుని విన్నాడు. అతుకు వచ్చింది, పోయింది, చెయ్యి మోకాలి మీదే ఉంది. చివరి వరసను మాత్రం మూడుసార్లు వేయించుకుని, మూడోసారి దాంతోపాటు తనూ కూనిరాగం తీశాడు.

"అవ్. గిట్లనే," అన్నాడు. "నా వేలు జారింది జారినట్టే ఉండనీ."

బిట్టు ఇప్పుడు నాలుగు నిమిషాల పదకొండు సెకన్లుంది. వీరబాబు బూర్గంపాడులో మోటార్లే చుడుతున్నాడు. వారంలో రెండు మధ్యాహ్నాలు పోతయ్య దగ్గర ఇంకో వరస నేర్చుకుంటున్నాడు, క్యాసెట్టుకు ఎక్కనిది.