సుబీర్ దాదా రాగం

పాటతో రాళ్లను కరిగించినవాళ్ల గురించి మీరు వినే ఉంటారు. పాటతో ఒక ఇంజినీరు పరువునీ, ఒక ఇల్లాలి రహస్యాన్నీ, ఒక వీధి మొత్తం నిద్రనీ ఒకే ఊపులో కరిగించేసిన మనిషిని చూడాలంటే మాత్రం ఖరగ్‌పూర్‌లో మా న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీకి రావాలి. గిటారు వీపుకి తగిలించుకుని, ఎవరైనా బెంగాలీలో పలకరిస్తే ఉలిక్కిపడే ఆడమనిషి కనిపిస్తే, అది నేనే.

అప్పటికి నాకు కొత్తగా పెళ్లయింది. బొబ్బిలిలో ఉన్నన్నాళ్లూ నా పాటలు నేనే రాసుకుని, నేనే బాణీ కట్టుకుని, ఫోన్లో రికార్డు చేసి లోకం మీదికి వదిలేదాన్ని. లోకమంటే మా పెదనాన్న పిల్లలు, వాళ్ల స్నేహితులు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసే శ్రీనుని చేసుకుని ఇక్కడికొచ్చాక ఏమైందో గాని సొంత పాట ఒక్కటీ పుట్టలేదు. సరే, పక్కవాళ్ల పిల్లల్నయినా ఎత్తుకుందామని ఇతరుల కవితలకి బాణీలు కట్టి పాడటం మొదలుపెట్టాను. అందులో ఒక సుఖముంది. బాగుంటే మెప్పు పాడినవాళ్లకి, బాగోకపోతే తప్పు రాసినవాళ్లకి. పైగా కవి ఏమన్నాడో కవికంటే నాకే ఎక్కువ తెలుస్తుందని గట్టి నమ్మకం. ఈ నమ్మకమే నన్ను ముంచింది, అది తర్వాత.

నా వీడియోలు చూసి ఒకరోజు దీపాలీ బౌదీ మా ఇంటికొచ్చింది. బౌదీ అంటే వదిన, దాదా అంటే అన్న. మా ఆయన పనిచేసే చోట పెద్ద ఇంజినీరు సుబీర్ దాదా భార్య. ఊళ్లోనే ఝపటాపూర్ అనే పేటలో ఉంటారు. గుట్టుగా కవితలు రాసుకుంటుందని అప్పుడే తెలిసింది.

"నా కవిత ఒకటి వాట్సాప్‌లో చదివి పంపిస్తాను, తెలుగులో పాడతావా?" అంది, హిందీ, తెలుగు కలిపేసి.

"ఎందుకు పాడను బౌదీ!"

"కానీ నా పేరు చెప్పకు. ఆయన వినాలి. నాదని మాత్రం తెలియకూడదు. ఆయనకి తెలుగు బాగానే వచ్చు."

మొగుడి మీద కవిత రాసి పేరు చెప్పుకోలేకపోతోంది, ఎంత సిగ్గరి అని మురిసిపోయాను. ఆమె మొహంలో ఉన్నది సిగ్గో భయమో చూసే తీరిక నాకెక్కడిది? లోపల అప్పటికే శ్రుతి చేసుకుంటున్నాను.

కవిత వచ్చింది. విన్నాను. నాకు బెంగాలీ రాదు. కూరలు బేరమాడేంత, టీ, చక్కెర, గోడ, తలుపు లాంటి ఇంటి మాటలు పోల్చుకునేంత వచ్చు. అయితే మనం 'అ' అన్నచోట వాళ్లు గుండ్రంగా 'ఒ' అంటారని ఎవరో చెప్పారు. ఆ ఒక్క తాళంచెవితో భాష మొత్తం తెరుచుకుందనుకున్నాను. మొదటి లైన్లోనే "తార్ రాగ్" అని ఉంది. ఆయన రాగం! తర్వాత "ఆమార్ ఒభిమాన్". నా అభిమానం! మధ్యలో "రాగ్ శొప్తొమే చొడే". రాగం సప్తమానికి, అంటే ఏడో స్వరానికి ఎక్కుతుందట! ఇంకేం కావాలి? భర్త గానం చేస్తుంటే భార్య అభిమానిగా వింటోందన్నమాట. టీలో చక్కెర తగ్గితే రాగం సప్తమానికెక్కుతుందని ఎందుకన్నదో కాసేపు తేలలేదు. పాడేవాళ్లకి తీపి పడదు కదా, చక్కెర తగ్గితే గొంతు విచ్చుకుంటుంది కాబోలని సర్దిచెప్పుకున్నాను.

శ్రీను అన్నాడు, "ఓసారి నాకు వినిపించు. మాటలు తేడా వొస్తాయి."

"సంస్కృతం మాటలేనండీ. నాకు తెల్దేటి?"

"పోనీ బౌదీనైనా అడుగు."

"కవిని అర్థం అడగడం కళాకారులకి చిన్నతనం."

వంటింట్లోంచి మా అత్త గొంతు వినిపించింది. "ఆ దాదా గొంతెత్తితే వర్క్‌షాపంతా నిలబడిపోద్దంట గదరా?"

"అవునమ్మా," అన్నాడు శ్రీను నీరసంగా.

చూశారా? ఊళ్లో అందరికీ తెలిసిన గాయకుడు, నాకే తెలియలేదు!

ఆ వారాంతం మా తెలుగు వాళ్ల హాల్లో సాయంత్రం పాటల కార్యక్రమం. వర్క్‌షాపు కుటుంబాలు నిండిపోయాయి. ముందు వరసలో సుబీర్ దాదా, భారీ విగ్రహం, మీసం కింద మూతి ఉందో లేదో తెలియదు. పక్కన బౌదీ, చేతిలో రుమాలు నలుపుతూ. నేను గిటారు మీద మంద్రంగా ఒక తీగ మీటి, కళ్లు సగం మూసి, మాట్లాడటం మొదలుపెట్టాను. పాట మాత్రమే పాడి దిగిపోతే ఈ కథ లేదు.

"ఈ పాట మన మధ్యే ఉన్న గొప్ప సంగీతకారుడి గురించి. వినయంతో ఆయన చెప్పుకోరు. ఆయనే మన సుబీర్ దాదా!"

బౌదీ రుమాలు నలపడం ఆపింది. నేను ఎత్తుకున్నాను.

"తెల్లవారకముందే ఆయన రాగం
గోడ దాటి పొరుగిల్లు లేపేను
తేనీట చక్కెర తగ్గెనా
సప్తమానికి అది ఎక్కేను..."

మూడో వరసలో ఒక మెకానిక్ పక్కవాడి చెవిలో అనుకుని హాలంతటికీ వినిపించేలా అన్నాడు, "దాదా పాడతాడేట్రా?"

"పాడడా మరి? పొద్దున్న నువ్వు పానా పడేసినప్పుడు నీకు పాడింది ఏటి?"

వరస వరసంతా కిసుక్కుమంది. అది రసాస్వాదన అనుకున్నాను. రెట్టించిన ఉత్సాహంతో "తలుపు మూసుకుని నా అభిమానం ఒంటరిగా కూర్చుండేను" అన్నాను. కొందరు కళ్లు తుడుచుకుంటున్నారు. నా గొంతుకి ఏడుస్తున్నారనుకున్నాను. భుజాలు ఎందుకు ఎగురుతున్నాయో ఆలోచించలేదు. దాదా మాత్రం తనలో ఇంత విద్య ఉందా అన్నట్టు విస్తుపోయి చూస్తున్నాడు.

పాట అయింది. చప్పట్లు ఆగలేదు. చప్పట్లు తలకెక్కితే మనిషికి ఎదురుగా ఉన్న గొయ్యి కూడా వేదికలాగే కనిపిస్తుంది. ఆ సందర్భానికని నేను ప్రత్యేకంగా నేర్చుకున్న ఒకే ఒక్క బెంగాలీ వాక్యం తీసి, దాదా వైపు రెండు చేతులూ చాచి, మైకులో తియ్యగా అడిగాను.

"దాదా, ఆప్నార్ రాగ్ ఏక్‌టు శోనాన్ నా!"

మీ రాగం కాస్త వినిపించండి అని నా ఉద్దేశం.

మెకానిక్కులు కుర్చీల్లోంచి జారిపోయారు. ఒకాయన నేల మీద కూర్చుండిపోయాడు. దాదా లేచి నిలబడ్డాడు. మొహం ఎర్ర సిగ్నల్.

"కే బోలేఛే ఆమార్ రాగ్ ఆఛే?" అని గర్జించాడు. మైకు అక్కర్లేకుండానే గోడలు అదిరాయి. నాకు రాగముందని ఎవరన్నారు అంటున్నాడని అర్థమైంది. పాపం, ఎంత వినయం!

నేను అంతకంటే వినయంగా బౌదీని చూపించాను. "బౌదీ బోలేఛెన్, బౌదీయే చెప్పారు! కవిత ఆవిడదే."

నవ్వులు టక్కున ఆగిపోయాయి. దాదా తల తిప్పి భార్యని చూశాడు. బౌదీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లేచి, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచింది. ఆయన ఆమె వెనకే వెళ్లాడు. మా అత్త తల మీద చెయ్యి పెట్టుకుంది.

ఇంటికి నడుస్తుంటే శ్రీను సైకిల్ నడిపించుకుంటూ ముందు పోతున్నాడు.

"ఏటండీ అయింది?"

"రాగ్ అంటే కోపం."

నా కాళ్లు ఆగిపోయాయి. "మరి ఒభిమాన్?"

"అలక."

"సప్తమానికెక్కడం?"

"కోపం నసాళానికెక్కడం. మొత్తం హాలు ముందు ఆయన్నేటి అడిగినావో తెలుసా? మీ కోపం కాస్త వినిపించండి దాదా అని. ఆయన వినిపించినాడు."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. పాడబోతే నాది, మా ఆయనది, బౌదీది, ముగ్గురి మతీ పోయింది. మనిషి తన ఇంట్లో పడుతున్న బాధని పరాయి భాషలో దాచుకుందామని నా చేతికిస్తే, నేను దాన్ని మైకులో పెట్టి చిరునామాతో సహా చదివాను.

తెల్లారాక అత్త గదమాయించింది. "ఓలమ్మీ, కూకుంటే ఏటవుద్ది? ఎల్లి కాళ్లు పట్టుకో. గిటారు మాత్రం ఒగ్గేసి ఎల్లు!"

ఝపటాపూర్ వెళ్లి తలుపు కొట్టాను. దాదా తీశాడు.

"దాదా, తప్పయిపోయింది. నాకు మాట అర్థం..."

"కూకో," అన్నాడు. వర్క్‌షాపులో మా వాళ్ల దగ్గర నేర్చుకున్న తెలుగు. "ఆ పాట మళ్లీ పాడు."

"బెంగాలీలోనా దాదా?"

"అది రాత్రి ఆవిడ చదివింది. మొత్తం ఇన్నాను. ఇన్నేళ్లలో నేను నోరు మూసుకుని ఇన్నది అదే." ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "తెలుగులో పాడు. అందులో నేను మంచోడిలాగ ఉన్నాను."

పాడాను. సగంలో లోపలి గదిలో గొళ్లెం తీసిన చప్పుడైంది. బౌదీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. 'సప్తమానికి' అన్నచోట ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసింది, కుదరలేదు. దాదా మీసం కింద నిజంగానే ఒక మూతి ఉందని అప్పుడు తెలిసింది.

"సుజాతా," అన్నాడు, "మా భాషలో రాగ్ నాకు ఒచ్చు. మీ భాషలో రాగం నేర్పు."

కరిగిపోయాను. గురువుగా ఒప్పుకున్నాను. ఇక్కడితో ఆపితే ఎంత అందంగా ఉండేదో! ఏం చేస్తాం, తర్వాత కూడా జరిగింది.

వర్క్‌షాపులో అరుపులు తగ్గాయి. శ్రీను సంతోషించాడు. కానీ ఝపటాపూర్‌లో కోడి కంటే ముందు హార్మోనియం లేచింది. దాదాకి శ్రద్ధ ఉంది, పట్టుదల ఉంది, ఊపిరితిత్తులున్నాయి. శ్రుతి లేదు. 'స' దగ్గర మొదలుపెట్టి ఎక్కడికి వెళ్తున్నాడో ఆయనకీ తెలియదు, ఆ స్వరానికీ తెలియదు. పక్కింటి కుక్క మకాం మార్చింది. ఆ వీధివాళ్లు నన్ను బజార్లో చూసి పలకరించడం మానేశారు.

ఒకరోజు బౌదీ కళ్ల కింద నల్లచారలతో మా ఇంటికొచ్చి నా చేతులు పట్టుకుంది.

"సుజాతా, నా పాత రాగ్ నాకు తిరిగి ఇప్పించు. అది టీ చల్లారేలోపు అయిపోయేది. ఇది అవ్వదు. అలిగి తలుపేసుకుంటే తలుపు ముందు కూర్చుని మరీ సాధన చేస్తారు!"

అందువల్ల పాఠకులారా, మిమ్మల్నీ మా అత్తనీ సాక్షిగా పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి కవిత పాడినా, నాకు రాని మాటల కంటే ముందు నాకు వచ్చనుకున్న మాటల అర్థం అడుగుతాను. పేరు చెప్పొద్దన్న కవి పేరు నిద్రలో కూడా పలకను. అన్నిటికీ మించి, కార్యక్రమం ఎంత చప్పగా సాగుతున్నా సరే, ముందు వరసలో కూర్చున్న ఏ ఇంజినీరునీ ఏ భాషలోనూ పాడమని అడగను, అడగను, అడగను.